తారీఖు గీసిన గీత

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా లేపాక్షిలో చేసిన ప్రసంగ పాఠం)

వెనుక గోడ దగ్గర సచివాలయం పిల్లలు నిలబడి ఉన్నారు. ఆ పిల్లలు తమ కుర్చీలు మనకిచ్చి నిలబడ్డారు. ఈ సంగతి మినిట్సు పుస్తకంలో రాయించమని కార్యదర్శి గారిని కోరుతున్నాను. ఎందుకంటే నేను మాట్లాడవలసింది వాళ్ల గురించే.

నాకిచ్చిన అంశం "నేటి యువ ఉద్యోగుల తీరు". ఈ అంశం వస్తే మన సమావేశాల్లో ఏమేమి వినబడతాయో మీకందరికీ తెలుసు. ఈ కాలం పిల్లలకు ఓపిక లేదు. ఎప్పుడు చూసినా చేతిలో ఫోను. నాలుగు వాక్యాలు సొంతంగా డ్రాఫ్టు రాయలేరు. పెద్దవాళ్లొస్తే లేవరు. నెల తిరక్కుండా సెలవు చీటీ. చిన్న మాట పడితే రాజీనామా అంటారు. టీ వచ్చేలోగా ఈ ఆరు ఆరోపణలూ పూర్తవుతాయి. టీ వచ్చాక "మా రోజుల్లో" అని మొదలవుతుంది.

ముందుగా ఈ రోజు ఏ రోజో ఒకసారి తలచుకుందాం. 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం నకారా కేసులో తీర్పు చెప్పింది. కేంద్ర ప్రభుత్వం పింఛను లెక్కించే పద్ధతిని మెరుగుపరిచి, 1979 మార్చి 31న గానీ ఆ తర్వాత గానీ రిటైరైనవారికే అది వర్తిస్తుందని చెప్పింది. ఆ తేదీకి ముందు దిగిపోయినవారికి పాత లెక్కే. రక్షణ శాఖలో ఫైనాన్షియల్ అడ్వైజరుగా పనిచేసి 1972లో రిటైరైన డి.ఎస్. నకారా గారు మరికొందరితో కలిసి కోర్టుకు వెళ్లారు. పింఛనుదారులంతా ఒక తరగతి, ఒక తారీఖు పట్టుకొని వాళ్లను రెండుగా చీల్చడానికి తగిన ఆధారం లేదని కోర్టు తేల్చింది. పింఛను దయాభిక్ష కాదు, చేసిన సేవకు హక్కుగా వచ్చేదని కూడా స్పష్టంగా చెప్పింది. అందుకే దేశమంతటా ఈ రోజును మనం పండుగగా జరుపుకుంటున్నాం.

తారీఖు పట్టుకొని మనుషుల్ని విడదీయవద్దన్న తీర్పుకు పూలమాల వేసి, అదే సభలో పుట్టిన తారీఖు పట్టుకొని పిల్లలందరికీ ఒకే ముద్ర వేయడం సబబేనా? ఈ ఒక్క ప్రశ్న మీ ముందు పెట్టడానికే లేచాను.

పేర్లు ఎక్కడి నుంచి వచ్చాయి

ఇప్పుడు పేపర్లలో, టీవీల్లో తరాలకు పేర్లు పెడుతున్నారు. 1946 నుంచి 1964 దాకా పుట్టినవారు బేబీ బూమర్లట. 1965 నుంచి 1980 దాకా జెన్ ఎక్స్. 1981 నుంచి 1996 దాకా మిలీనియల్స్. 1997 నుంచి జెన్ జీ. నేను 1951లో పుట్టాను కాబట్టి బూమర్‌ను. మన మనవళ్లు "బూమర్ అంకుల్" అని నవ్వుకునేది మన గురించే.

ఈ లెక్క అమెరికాలో పుట్టింది. రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక సైనికులు ఇళ్లకు వచ్చారు, పెళ్లిళ్లయ్యాయి, అక్కడ ఒక్కసారిగా జననాలు పెరిగాయి. దానికి వాళ్లు బూమ్ అని పేరు పెట్టుకున్నారు. బాగానే ఉంది. ఆ రోజుల్లో లేపాక్షి చుట్టుపక్కల ఏమైంది? నేను పుట్టిన మరుసటి ఏడు, 1952లో, రాయలసీమలో గంజి కరువు. ఊళ్లలో గంజి కేంద్రాలు పెట్టి జనాన్ని బతికించారు. గంజి కేంద్రం దగ్గర ముంత పట్టుకొని నిలబడ్డ తల్లి చంకలోని పిల్లవాడూ, డెట్రాయిట్‌లో కొత్త కారు వెనుక సీటులో కూర్చున్న పిల్లవాడూ ఒకే తరం, ఇద్దరిదీ ఒకే స్వభావం అంటే నమ్మేదెట్లా?

అమెరికాలోనే దీని మీద అనుమానాలు లేచాయి. అక్కడి నేషనల్ అకాడెమీస్ వారు 2020లో ఒక నివేదిక ఇచ్చారు. ఉద్యోగుల నిర్వహణకు ఈ తరాల పేర్లు పనికివస్తాయా అనేదే వారు పరిశీలించిన విషయం. పనిచేసేవారి మధ్య కనిపించే తేడాలను తరం పేరుతో వివరించడానికి పరిశోధనల్లో గట్టి ఆధారం లేదని వారు తేల్చారు. 2021లో ఫిలిప్ కోహెన్ అనే సోషియాలజీ ప్రొఫెసరు, మరెందరో పరిశోధకులు కలిసి, ఈ పేర్లను బాగా ప్రచారంలోకి తెచ్చిన ప్యూ రీసెర్చ్ సెంటర్‌కు బహిరంగ లేఖ రాసి వీటిని మానుకోమన్నారు. 2023లో ఆ సంస్థ కూడా ఇకమీదట ఈ పేర్లను ఆచితూచి వాడతామని ప్రకటించింది.

ఇందులో సూక్ష్మం ఒకటుంది. ఇరవై నాలుగేళ్లవాడికీ డెబ్బై నాలుగేళ్లవాడికీ తేడా ఉండదా అంటే, ఉంటుంది. అది వయసు తేడా. ఇరవై నాలుగులో ప్రతివాడికీ తొందర ఎక్కువే. ఆ వయసులో ఉన్నవాళ్లను, ఆ వయసు దాటి యాభై ఏళ్లయిన మనతో పోల్చి, ఆ తేడాను వాళ్ల తరం గుణంగా రాసేస్తున్నాం. సరైన లెక్క కావాలంటే వాళ్ల ఇరవై నాలుగును మన ఇరవై నాలుగు పక్కన పెట్టాలి.

మన పెద్దలకు తరాలు లెక్కపెట్టడం తెలియక కాదు. మా జేజిని వయసెంత అని అడిగితే సంవత్సరం చెప్పేది కాదు. "మా నాయన ధాత కరువు తర్వాత పుట్టినాడు, ఆయనకు నేను మూడోదాన్ని" అనేది. ధాత కరువంటే 1876-77 నాటి మహా కరువు. అట్లాగే గంజి కరువుకు ముందు, గంజి కరువుకు తర్వాత అనేవాళ్లు. ఆ పద్ధతిలో ఒక న్యాయం ఉంది. ఆ పేరు మనిషి గుణం చెప్పదు. ఆ మనిషి నెత్తిన ఏ కాలం పడిందో చెబుతుంది. ధాత కరువులో పుట్టినవాడు సోమరి అనో, పొగరుబోతు అనో ఎవరూ అనలేదు. వాడి ఎముకలు సన్నంగా ఉంటే ఎందుకున్నాయో అందరికీ తెలుసు.

మమ్మల్ని ఏమన్నారు

నేను 1974లో అనంతపురం జిల్లాలోని ఒక తాలూకా ఆఫీసులో ఎల్.డి.సి.గా చేరాను. డిగ్రీ చదివిన గుమాస్తాలం అప్పుడు నలుగురం. ఆ ఆఫీసులోని పెద్ద గుమాస్తాలకు మా మీద మొదటి ఆరోపణ చదువు మీదే. "ఇప్పటి బి.ఏ.లు పాత ఎస్.ఎస్.ఎల్.సి.కి కూడా సరిపోరు" అనేవారు. రెండోది బాల్ పెన్ను. పాళీ ముంచి రాసేవాడికే అక్షరం మీద భక్తి ఉంటుందట. మూడోది మా ప్యాంట్లు. కింద వెడల్పుగా ఉండే ప్యాంటు వేసుకున్నవాడు ట్రెజరీకి బిల్లు సరిగ్గా ఎట్లా రాస్తాడు అని ఒక సూపరింటెండెంటు గారు అందరి ముందే అడిగారు. నాలుగోది, సాయంత్రం ఐదయితే సైకిలెక్కి సినిమాకు పోతాం. ఐదోది, సంఘం అంటాం, హక్కులంటాం, సమ్మె అంటాం.

అటు తర్వాత ముప్పై అయిదేళ్లు అవే బిల్లులు రాశాం. ఆడిట్లు దాటాయి, ఎన్నికలు జరిపించాం, కరువు పనుల మస్టరు రోళ్లు రాశాం. 1985 మే నెలలో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు బండ్ల మీద రికార్డు తెచ్చి, కొత్త ఆఫీసుల్లో చాపల మీద కూర్చొని జాబితాలు కట్టాం. ప్యాంటు వెడల్పుకూ పర్సనల్ రిజిస్టరుకూ సంబంధం లేదని రుజువైంది.

ముద్ర చిన్నవాళ్ల మీదే పడుతుందనుకోకండి. పెద్దవాళ్ల మీద పడిన రోజు కూడా మనం చూశాం. 1983 ఫిబ్రవరిలో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించింది. ఆ నెలాఖరున, ఫిబ్రవరి 28న, ఒక్క రోజులో 18 వేలకు పైగా ప్రభుత్వ ఉద్యోగులు, ప్రభుత్వ రంగ సంస్థల్లో మరో 10 వేల మంది ఇంటికి వెళ్లారు. చదువుకున్న నిరుద్యోగులకు అవకాశం ఇవ్వాలన్నది చెప్పిన కారణం. ఆ రోజు టీ కొట్ల దగ్గర మాట ఏమిటంటే, "యాభై అయిదు దాటినోడికి బుర్ర పనిచేయదు, కుర్చీకి అతుక్కొని ఉంటాడు." పిల్లల పెళ్లిళ్లు పెట్టుకున్నవారు, ఇంటి లోను సగం కట్టినవారు ఆ సాయంత్రం మెడలో దండలతో ఆఫీసు మెట్లు దిగారు. సుప్రీంకోర్టు 1985 జనవరిలో ఆ తగ్గింపు చెల్లుతుందనే చెప్పింది. ఈలోగా ప్రభుత్వమే వయసును మళ్లీ 58 చేసింది.

ఆ తర్వాత ఏమైంది? 2014లో 60 అయింది. 2022లో 62 అయింది. 1983లో 55 ఏళ్లకే పనికిరాకుండా పోయిన మనిషి 2022లో 62 ఏళ్ల దాకా పనికివచ్చాడు. మనిషి బుర్ర నలభై ఏళ్లలో అంత మారదు. మారింది ఖజానా అవసరం. ఖజానాకు ఏది అవసరమైతే దానికి తగిన ముద్ర ఒకటి పుడుతుంది. ఒకసారి ముసలివాళ్లు అడ్డమంటుంది, ఇంకోసారి పిల్లలకు అనుభవం లేదంటుంది. ఆ ముద్రను మనం తెచ్చుకొని ఒకరి మీద ఒకరం కొట్టుకుంటున్నాం.

సచివాలయం పిల్లలు

ఇప్పుడు వెనుక నిలబడ్డ పిల్లల సంగతికి వద్దాం. 2019 సెప్టెంబరు మొదటి వారంలో గ్రామ, వార్డు సచివాలయాల ఉద్యోగాలకు పరీక్షలు జరిగాయి. దాదాపు లక్షా 26 వేల పోస్టులు. దరఖాస్తులు 21 లక్షలు దాటాయి. అక్టోబరు 2న సచివాలయాలు మొదలయ్యాయి. ఇంజనీరింగు చదివినవారు, పీజీలు చేసినవారు కూడా పంచాయతీ ఆఫీసు బల్ల దగ్గరకు వచ్చి కూర్చున్నారు. జీతం నెలకు 15 వేలు, ప్రొబేషను రెండేళ్లు.

చేరి ఆరు నెలలు తిరక్కుండా కరోనా వచ్చింది. 2020 మార్చి చివర దేశమంతా తలుపులు మూసుకుంటే, ఊళ్లలో ఇంటింటికీ తిరిగి జ్వరాలున్నాయా అని అడిగినవారిలో ఈ పిల్లలున్నారు. ఉద్యోగం నేర్పే పెద్దలు పక్కన లేరు. చూసి నేర్చుకోవడానికి పాత ఫైలు లేదు, ఎందుకంటే ఆ ఆఫీసే కొత్తది. మనం చేరినప్పుడు తిట్టడానికైనా ఒక హెడ్ గుమాస్తా ఉండేవాడు. తిడుతూనే నోట్ ఫైలు ఎట్లా రాయాలో, కరెంటు ఫైలు ఎట్లా కుట్టాలో చూపించేవాడు. వీళ్లకు ఆ భాగ్యం దక్కలేదు. డ్రాఫ్టు రాయడం రాదనే ముందు, నేర్పిందెవరని కూడా అడగాలి కదా.

2021 అక్టోబరుకు రెండేళ్లు నిండాయి. ప్రొబేషను ఖరారు కాలేదు. 2022 జనవరి 7న ఉద్యోగుల పదవీ విరమణ వయసు 62కు పెంచుతున్నట్టు ప్రకటన వచ్చింది. సరిగ్గా మూడు రోజులకు, జనవరి 10న, సచివాలయం పిల్లలు ప్రొబేషను ఖరారు చేయండని రోడ్డు మీదికి వచ్చారు. ఆ ఏడు జూలై నుంచి గానీ వాళ్లకు స్కేలు అందలేదు. ఈ రెండు తేదీలు పక్కపక్కన రాసుకొని చూడండి. పెద్దవాళ్లకు సర్వీసు రెండేళ్లు పెరిగిన వారంలోనే పిల్లలు 15 వేల మీద రోడ్డున నిలబడ్డారు. ఆ రోజు టీవీ చూస్తూ "చేరి రెండేళ్లు కాలేదు, అప్పుడే ధర్నాలా" అన్న మాట మన చుట్టూ వినబడింది. 1974లో మాకు తగిలించిన అయిదో ఆరోపణ ఇదే.

ఫోను సంగతి కూడా చెప్పుకోవాలి. చేతిలో ఫోను ఉన్నమాట నిజమే. హాజరు అందులోనే. సర్వే అందులోనే. ఫోటో తీసి స్థలం గుర్తుతో సహా పంపవలసిందీ అందులోనే. మన రోజుల్లో తప్పాలు రోజుకు ఒకసారి వచ్చేది. డిస్ట్రిబ్యూషన్ రిజిస్టరులో ఎక్కి మన బల్ల మీదికి రావడానికి ఇంకో రోజు. వీళ్లకు తప్పాలు రాత్రి తొమ్మిదింటికి వాట్సాప్‌లో వస్తుంది, జవాబు పొద్దున్నే కావాలి. ఫోను చూస్తున్న పిల్లను చూసి ఆడుకుంటోందనుకోవడం, రిజిస్టరు ముందేసుకున్న గుమాస్తాను చూసి కథల పుస్తకం చదువుతున్నాడనుకోవడం లాంటిది.

2024 ఎన్నికల సమయంలో పింఛన్ల పంపిణీ నుంచి వాలంటీర్లను తప్పించారు. ఆ ఏడు జూలై 1న 65 లక్షల మంది సామాజిక పింఛనుదారులకు ఇంటింటికీ డబ్బు చేర్చే పని సచివాలయ సిబ్బంది మీద పడింది. నెలకు 4 వేలు, ఏప్రిల్ నుంచి పెరిగిన బకాయి 3 వేలు, వృద్ధులకు వెరసి 7 వేలు. మా వీధిలోకి వచ్చిన అమ్మాయి డిజిటల్ అసిస్టెంటు. తెల్లవారకముందే వచ్చింది. భుజాన డబ్బు సంచి, చేతిలో వేలిముద్ర యంత్రం. వీధి చివర ఇంట్లో ఒక జేజి ఉంది. జీవితమంతా వేరుశనగ కాయలు వలిచి వలిచి ఆమె వేళ్లు అరిగిపోయాయి, ముద్ర పడదు. ఆ పిల్ల ఆమె వేళ్లు తడిగుడ్డతో తుడిచి ఒక్కొక్కటే పెట్టి చూసింది. పడలేదు. ముఖం ఫోటోతో ప్రయత్నించింది. వెలుతురు చాలలేదు. జేజిని పట్టుకొని వాకిట్లోకి తెచ్చి, అరుగు మీద కూర్చోబెట్టి, సూర్యుడు కాస్త పైకి వచ్చేదాకా ఆగింది.

"నువ్వు పో అమ్మణ్ణీ, నీకింకా శానా ఇండ్లుండాయి కదా" అని జేజి అంటే, "ఉండనీలే జేజీ, నీది అయినాకే పోతా" అంది. ఏడు వేలూ రెండుసార్లు ఎంచి ఆమె చేతిలో పెట్టి కదిలింది. ఓపిక లేని తరమని చెప్పేవారికి నేను ఆ అరుగు చూపిస్తాను.

పెద్దల అనుభవం అక్కరలేదని నా వాదన కాదు. 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వే మన పల్లెలకు వచ్చినప్పుడు ఒక కుర్ర సర్వేయరు నా దగ్గరకు వచ్చాడు. చేతిలో పాత అడంగలు కాపీ, చేతిరాతది. "తాతా, ఈ గీతలేందో, ఈ పొట్టి మాటలేందో ఒక్కటీ అర్థం కావడం లేదు, చెప్తావా" అన్నాడు. రెండు సాయంత్రాలు కూర్చున్నాం. ఏ మాటకు ఏ అర్థమో, రిమార్కుల గడిలో ఎందుకు అట్లా రాసేవారో చెప్పాను. మూడో రోజు వాడు నన్ను పొలానికి తీసుకుపోయి, రోవరు నిలబెట్టి, హద్దు రాయి ఉన్నచోటును నిమిషాల్లో ఎట్లా పట్టుకుంటారో చూపించాడు. మా రోజుల్లో గొలుసు లాగి కొలిచి ఒక హద్దు తేల్చడానికి పొద్దంతా పట్టేది. ఆ గట్టు తగాదా మూడు తరాలది. వాడి యంత్రం ఒక్కటే ఉంటే తేలేది కాదు, నా జ్ఞాపకం ఒక్కటే ఉన్నా తేలేది కాదు.

ప్రభుత్వ ఉద్యోగం లేని పిల్లల గురించి కూడా ఒక మాట. మన మండలాల నుంచి తెల్లవారుజామున హిందూపురం స్టేషనుకు పోయి బెంగుళూరు రైలెక్కే పిల్లలు ఎందరో. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కియా కార్ల ఉత్పత్తి మొదలయ్యాక అటు షిఫ్టులకు పోయేవారు కొందరు. వీళ్లు చాలినంత పనిచేయడం లేదని దేశంలో పెద్దలే అంటున్నారు. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ వ్యవస్థాపకుల్లో ఒకరైన నారాయణమూర్తి గారు యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్ గారు 90 గంటల మాట తెచ్చారు. వారి వ్యాపారాలు వారికి తెలుసు. మన మటుకు మనం ఒక లెక్క వేసుకుందాం. మన ఆఫీసు పదిన్నరకు, ముగింపు ఐదుకు, మధ్యలో భోజనం, రెండో శనివారం సెలవు. వారానికి నలభై గంటలు దాటేది కాదు. కలెక్టరు గారి తనిఖీలప్పుడూ, ఎన్నికలప్పుడూ రాత్రుళ్లు కూర్చున్నమాట నిజమే. అయినా నలభై గంటల వారంతో ఇల్లు కట్టుకొని, పిల్లల్ని చదివించుకొని, పింఛను తీసుకుంటున్న మనం, రైలులో నిలబడి పోయి నిలబడి వచ్చే పిల్లను సోమరి అనడం బాగుండదు.

ఛార్జి మెమో ఎట్లా ఉండాలి

"అంటే పిల్లల్లో తప్పుచేసేవాళ్లే లేరా?" అని ముందు వరుసలో ఒక మిత్రుడు కళ్లతోనే అడుగుతున్నారు. ఉన్నారు. దరఖాస్తు పెట్టుకున్న రైతును నాలుగుసార్లు తిప్పేవాడు ఉన్నాడు. హాజరు వేసి మాయమయ్యేవాడు ఉన్నాడు. మన బ్యాచిలో మాత్రం లేరా? ప్రతి ఆఫీసులో ఒక కుర్చీ కోటుతో మాత్రమే హాజరైన సంగతి మరిచిపోయామా?

మనమంతా ఆఫీసు పద్ధతి తెలిసినవాళ్లం. ఉద్యోగి మీద చర్య తీసుకోవాలంటే ఏం కావాలి? ఆరోపణ విడివిడిగా రాయాలి. ఏ రోజు, ఏ పని, ఏ నిబంధన తప్పాడో చెప్పాలి. ఆధారమైన కాగితాలు, సాక్షుల జాబితా జతచేయాలి. సంజాయిషీ ఇవ్వడానికి గడువు ఇవ్వాలి. ఇవేవీ లేకుండా "ఇతను ఫలానా సంవత్సరంలో పుట్టినందున అలసత్వం గలవాడు" అని ఛార్జి మెమో రాస్తే, పైఆఫీసు మనకే మెమో ఇస్తుంది. సర్వీసులో ఉండగా ఒక్క అటెండరు మీద కూడా రాయని మాటను, రిటైరయ్యాక లక్ష మంది మీద తేలికగా అనేస్తున్నాం.

ఈ ఊళ్లో నిలబడి మాట్లాడుతున్నాం కాబట్టి విరూపణ్ణను తలచుకోవాలి. అచ్యుతదేవరాయల కాలంలో పెనుకొండలో కోశాధికారి. మన భాషలో ట్రెజరీ మనిషి. రాజు అనుమతి లేకుండా ఖజానా సొమ్ము గుడికి ఖర్చుపెట్టాడని ఫిర్యాదు వెళ్లిందట. కళ్లు తీయించమని ఆజ్ఞ వచ్చే లోపల ఆయనే తన కళ్లు పెరికి గోడకు కొట్టాడని కథ. కల్యాణ మండపం దగ్గర గోడ మీది ఎర్ర మరకలు ఇప్పటికీ చూపిస్తారు. అది కథే కావచ్చు. కానీ సంజాయిషీ అడగకుండా తీర్పు చెబితే పని సగంలో ఆగుతుందని ఆ పూర్తికాని మండపాన్ని చూసిన ప్రతి గుమాస్తాకూ తోస్తుంది.

అసలు గీత ఎక్కడుంది

మన ఆఫీసుల్లో తరాలను విడదీసే అసలు గీత పుట్టిన సంవత్సరంలో లేదు. జీ.వో.లో ఉంది. 2004 సెప్టెంబరు 1. ఆ రోజు నుంచి చేరినవారికి మన పింఛను లేదు. మూల వేతనం, కరువు భత్యం కలిపి నూటికి పది రూపాయల చొప్పున నెలనెలా కోత పడి కాంట్రిబ్యూటరీ పెన్షన్ పథకంలోకి వెళుతుంది. ఆ నిధి మార్కెట్టులో పెరిగిన దాన్ని బట్టి చివర్లో వారికి వచ్చేది ఉంటుంది. 2003లో నోటిఫికేషను ఇచ్చిన డి.ఎస్సీ. ఉపాధ్యాయులను చూడండి. నోటిఫికేషను గీతకు ముందు, నియామకం గీతకు తర్వాత. ఫైలు కదలడం ఆలస్యమైతే జీవితకాలపు పింఛను గీతకు అవతల పడింది. 2023లో గ్యారంటీడ్ పెన్షన్ పేరుతో చట్టం వచ్చినా, పాత పద్ధతే కావాలని ఉద్యోగ సంఘాలు అడుగుతూనే వచ్చాయి.

నకారా గారి ముందు గీసిన గీత 1979 మార్చి 31. ఈ పిల్లల ముందు గీసిన గీత 2004 సెప్టెంబరు 1. చట్టం దృష్టిలో రెండూ ఒకటేనా అని వాదించడానికి నేను వకీలును కాను. కానీ గీతకు అవతల నిలబడ్డ మనిషి బాధ ఎట్లా ఉంటుందో ఈ సభలో ఉన్న మనకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. ఉద్యోగం పట్ల వాళ్లకు మమకారం తక్కువని అంటాం. ముప్పై అయిదేళ్లు చేసినా చివర్లో ఏముందో తెలియని ఉద్యోగానికీ, చివర్లో పింఛను ఉందని తెలిసిన ఉద్యోగానికీ మమకారం ఒక్కలా ఎట్లా ఉంటుంది? మా జేజి పద్ధతిలో చెప్పాలంటే, వీళ్లు 2004 కరువు తర్వాత పుట్టిన ఉద్యోగులు. ఎముకలు సన్నంగా ఉంటే కారణం అక్కడ వెతకాలి.

కాబట్టి సభవారికి మూడు మనవులు చేస్తున్నాను.

ఒకటి. మన సమావేశాల్లో, మన పత్రికలో "ఈ కాలం పిల్లలు" అని మొదలయ్యే నింద రాయవద్దు, అనవద్దు. ఫిర్యాదు ఉంటే మనిషి పేరు, తేదీ, పని రాసి పైఅధికారికి పంపుదాం. సంతకం నేనూ పెడతాను.

రెండు. నెలలో ఒక ఆదివారం మన సంఘం గదిని పిల్లలకు తెరిచి ఉంచుదాం. నోటు రాయడం, డ్రాఫ్టు కట్టడం, పాత రికార్డు చదవడం అడిగినవారికి నేర్పుదాం. అదే గదిలో వాళ్ల దగ్గర మనం ఫోనులో జీవన ప్రమాణ పత్రం పంపడం నేర్చుకుందాం. ఏటా ఆ పత్రం కోసం ట్రెజరీ మెట్లెక్కలేక అవస్థపడే మిత్రులు మనలో ఎందరున్నారో చేతులెత్తితే తెలుస్తుంది. గురుదక్షిణ ఇరువైపులా చెల్లుతుంది.

మూడు. 2004 సెప్టెంబరు తర్వాత చేరినవారి పింఛను కోరికను సమర్థిస్తూ ఈ సభ ఒక తీర్మానం చేయాలి. మన పింఛను కోసం మనకు ముందువారు కోర్టు మెట్లెక్కారు. మన తర్వాతివారి కోసం మనం ఒక కాగితం మీద సంతకం పెట్టడం పెద్ద పని కాదు. తీర్మానం ముసాయిదా రాసి తెచ్చాను, అధ్యక్షులు గారి బల్ల మీద పెడుతున్నాను. బాల్ పెన్నుతోనే రాశాను, క్షమించాలి.

పిల్లలకు కూడా ఒక మాట. మమ్మల్ని "బూమర్ అంకుల్" అనడం మీరూ మానాలి. మాలో ఏ మనిషిలో ఏ తప్పుందో ఆ మనిషికి చెప్పండి, వింటాం. మాలో కొందరు వినకపోతే రెండోసారి చెప్పండి. వినికిడి తగ్గిన వయసు మాది, అది తరం దోషం కాదు.

తీర్మానాన్ని బలపరచవలసిందిగా కోరుతున్నాను.